తాళం పడిన మండువా ఇంటిని కూలిపోకుండా నిలబెట్టుకోవడం ఎలా

మా అమ్మమ్మగారి ఇల్లు కోనసీమలో అంబాజీపేటకి దగ్గర్లో ఓ పల్లెలో ఉంది. నాలుగు వైపులా వసారాలు, నడుమ పైకప్పు లేని మండువ, వీధి వైపు రెండు అరుగులు. 1996 నవంబరు తుఫాను రాత్రి ఆ వీధివాళ్ళంతా ఆ ఇంట్లోనే తలదాచుకున్నారు. కొబ్బరిచెట్లు వరసకి వరస పడిపోయిన ఆ రాత్రి ఇంటికి ఊడినవి ఓ పాతిక పెంకులు. అదే ఇంట్లో పడమటి వసారా, చాలా ఏళ్ళ తర్వాత, గాలీ వానా లేని ఓ ఆగస్టు మధ్యాహ్నం దానంతట అదే కూలింది. అప్పటికి ఇంటికి తాళం పడి పదకొండేళ్ళు.

తర్వాత శిథిలం తీయిస్తూ చూస్తే కథంతా అర్థమైంది. చూరు దగ్గర ఎప్పుడో ఒక పెంకు జారింది. అక్కణ్ణించి నీళ్ళు రీపరు మీద, అంటే పెంకుల్ని మోసే సన్న చెక్క మీద పడ్డాయి. రీపరు చివికి వంగితే దాని మీదున్న పెంకులన్నీ జారాయి. వాసం తడిసింది. తడిసిన వాసానికి చెద పట్టింది. చివరికి దూలం గోడలో కూర్చున్న చోట, పైకి ఏమీ కనపడకుండా, లోపల పొట్టులా అయిపోయింది. మొదటి పెంకు జారిన రోజున సర్దించి ఉంటే ఒక మనిషికి ఒక పూట కూలి. ఆ పూట కూలి ఎవరివ్వాలో మాత్రం ఏడుగురు వాటాదార్లలో ఎవరికీ తెలీదు.

గోదావరి డెల్టాలో ఇలాంటి ఇళ్ళు ఊరికి నాలుగైనా ఉంటాయి. మీ పేరు మీదో, మీ తాతగారి పేరు మీదే ఇంకా ఉండిపోయో మీకూ ఒకటి ఉంటే, ఏం చేయాలో వరసగా చెబుతాను. మేం చేసిన తప్పులు కూడా చెబుతాను, అవి మీరు మళ్ళీ చేయకుండా.

ముందు వానలో వెళ్ళండి

అందరం సంక్రాంతికి వెళతాం. అప్పుడు ఇల్లు పొడిగా, ఎండలో నవ్వుతూ ఉంటుంది. సున్నం వేయించి, ముగ్గు పెట్టి, ఫోటోలు దిగి వచ్చేస్తాం. ఇంటి జబ్బు తెలియాలంటే జులైలోనో ఆగస్టులోనో, బాగా ముసురు పట్టిన రోజున వెళ్ళాలి. ఒక టార్చిలైటు, సుద్దముక్క, ఫోను చాలు.

తలుపులన్నీ తీసి ఒక గంట మండువ గట్టు మీద కూర్చోండి. నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయి, ఎక్కడికి పోతున్నాయి చూడండి. కారే చోట కింద నేల మీద సుద్దతో గుండ్రం గీయండి. వాన వెలిశాక అటక ఎక్కి, పగటి వెలుగు పెంకుల సందుల్లోంచి ఎక్కడ కనిపిస్తోందో లెక్కపెట్టండి. ఆ చుక్కలకీ కింద గుండ్రాలకీ పొంతన ఉండకపోతే కంగారు పడొద్దు. నీళ్ళు వాసం వెంబడి జారి, పడాల్సిన చోటికి రెండు మూడు గజాల అవతల పడతాయి. ఎప్పుడూ పై చుక్కనే నమ్మండి.

తర్వాత ఇంటి చుట్టూ బయటి నుంచి ఓ ప్రదక్షిణ. గోడల అడుగున చెమ్మ ఎంత ఎత్తు దాకా ఎక్కింది, పిట్టగోడల్లో రావిమొక్కలున్నాయా, చూరు గీత ఎక్కడైనా వంగిందా చూడండి. చూరు కింద నిలబడి ఆ చివర నుంచి ఈ చివరికి ఒంటికన్నుతో చూస్తే వంపు తెలిసిపోతుంది. ప్రతి ఏడాదీ అవే చోట్ల నిలబడి అవే ఫోటోలు తీయండి. పగులు పెరుగుతోందా ఆగిందా అన్నది ఒక ఫోటో చెప్పదు, మూడేళ్ళ ఫోటోలు పక్కపక్కన పెడితే చెబుతాయి.

కప్పు: డబ్బు ముందు ఇక్కడే పెట్టండి

చేతిలో పది రూపాయలే ఉంటే పదీ కప్పు మీదే పెట్టండి. గోడలకి రంగు, కొత్త గచ్చు, ముందు గేటు అన్నీ తర్వాత. పై నుంచి తడవని గోడ అంత తొందరగా పడదు.

వేసవిలో, ఏరువాకకి ముందు, పెంకు నేయించాలి, అంటే విరిగినవి మార్చి పెంకుల్ని మళ్ళీ వరసగా సర్దించాలి. ఇదివరకు ప్రతి ఏడాదీ చేయించేవాళ్ళు, ఇప్పుడు మూడేళ్ళకోసారైనా చేయించండి. పెంకు నేసే మనుషులు తగ్గిపోయారు కాబట్టి మార్చిలోనే మాట్లాడుకోండి. ఇంటికి ఉన్నది కుమ్మరి పెంకా, బంగళా పెంకా ముందు చూసుకోండి. బంగళా పెంకులు మంగుళూరులో 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు పెట్టిన ఫ్యాక్టరీతో మొదలైన రకం. వాటికి రీపర్ల దూరం కచ్చితంగా ఉండాలి, ఒక కంపెనీ పెంకు ఇంకో కంపెనీ పెంకుతో సరిగా కలవదు. అందుకని ఊళ్ళో ఎవరైనా పాత ఇల్లు విప్పుతున్నారని తెలిస్తే వెళ్ళి, మీ పెంకుకి జత కుదిరేవి ఓ రెండొందలు తెచ్చి పెరట్లో పేర్చిపెట్టుకోండి. పైకెక్కే మనిషి పెంకు మీద కాకుండా వాసం ఉన్న వరస మీదే కాలు పెట్టేలా చూడండి. ఒక చోట బాగుచేసి పది చోట్ల పగలగొట్టి దిగేవాళ్ళూ ఉంటారు.

మండువా ఇంటికి అసలు ప్రాణగండం పెంకుల్లో కన్నా, నాలుగు కప్పులు కలిసే లోపలి మూలల్లో ఉంటుంది. అక్కడ రెండు వాలుల నీళ్ళూ ఒకే రేకు దోనెలోకి దిగుతాయి. సముద్రపు గాలికి ఆ రేకు తుప్పు పట్టి చిల్లు పడితే, సరిగ్గా దాని కిందే ఉన్న మూల స్తంభం, రెండు దూలాలు కలిసే చోటు, ఏళ్ళ తరబడి నానుతూ ఉంటాయి. మా పడమటి వసారా పోవడంలో పెంకు వంతు సగం, దోనె వంతు సగం. ఆ నాలుగు దోనెల్లో ఆకులూ పావురాల గూళ్ళూ వానాకాలంలో నెలకోసారి తీయించండి. చిల్లు పడితే తారు పూసి సరిపెట్టకండి, రేకు మార్పించండి.

వెంటనే మరమ్మతు కుదరదంటే బరకం (టార్పాలిన్) కప్పండి. అయితే బరకాన్ని శిఖరం దాటించి రెండో వైపుకి లాగి కట్టాలి. మధ్యలో ఆపేస్తే నీళ్ళు దాని కిందికే వెళతాయి. నాలుగు పక్కలా బిగించి మూసేయొద్దు, కింద గాలి ఆడకపోతే చెక్క ఉమ్మగిల్లి చెద ఇంకా తొందరగా వస్తుంది. ఒక ఏడాదికి మించి బరకాన్ని నమ్ముకోవద్దు. మా వీధిలో 'తాత్కాలికంగా' కప్పిన ఒక బరకం తొమ్మిదేళ్ళుంది. ఇంటి కన్నా అదే చివర పోయింది.

రావిమొక్కని పీకకండి. పీకితే వేరు లోపలే ఉండిపోయి రెండింతలుగా వస్తుంది, లేదా వేరుతో పాటు ఇటుకలూ వస్తాయి. కాడ కోసి, కోసిన పచ్చి చోట వెంటనే గడ్డిమందు పూసి, పూర్తిగా ఎండిపోయాకే సందుని సున్నంతో పూడ్చండి. వేలెడు మొక్కప్పుడు ఇది పది నిమిషాల పని.

ఇంటి మీదికి వాలిన కొబ్బరిచెట్టు ఉంటే తీయించేయండి. తాతగారు నాటారనే మాట నిజమే కానీ, అక్టోబరులో వాయుగుండం వచ్చినప్పుడు ఆ చెట్టుకి ఆ సంగతి గుర్తుండదు.

నేల నుంచి వచ్చే నీళ్ళు

పాత ఇళ్ళన్నీ మెరక మీద కట్టారు. గోదావరి వరద ఎరిగినవాళ్ళు కాబట్టి నాలుగు మెట్లెక్కితే గానీ గుమ్మం రాదు. ఇప్పుడు వెళ్ళి చూడండి, ఆ మెట్లెక్కడున్నాయో. రోడ్డు వేసినప్పుడల్లా పాత రోడ్డు మీదే కొత్త పొర పోస్తారు. పక్కవాళ్ళు కొత్త డాబా కట్టుకునేముందు మెరక తోలించుకుంటారు. ముప్ఫై ఏళ్ళలో వీధి లేచి అరుగుల్ని అందుకుంది, మీ ఇల్లు ఉన్నచోట ఉండగానే పల్లంలో పడింది. మండువ తూము వీధిలోకి ఉంటే ఇప్పుడది వెనక్కి తంతుంది, వీధి నీళ్ళు మండువలోకి వస్తాయి.

మొదట తూము దారి మార్చండి. పెరటి వైపు వాలు దొరికితే అటు తిప్పి ఒక గొయ్యిలోకో పంటబోదెలోకో వదలండి. తర్వాత ఇంటి చుట్టూ గోడకి ఆనుకుని పేరుకున్న మట్టీ, విరిగిన పెంకులూ, చెత్తా తీయించి, గోడ నుంచి మూరెడు దూరంలో చిన్న కాలువ వాలుగా తవ్వించండి. ఈ పనికి కాలువలు కట్టేసే ఏప్రిల్, మే నెలలు మంచివి. నుయ్యిలో నీరు కిందికి దిగి ఉంటుంది, పునాది దగ్గర తవ్వినా ఊట రాదు.

ఇప్పుడు సిమెంటు సంగతి. ఇదే మేం చేసిన పెద్ద తప్పు.

గోడల అడుగున సున్నపు గార ఊడిపోతోందని, మా మావయ్య ఒక తాపీ మేస్త్రిని పిలిచి నడుమెత్తు దాకా సిమెంటు పూత వేయించారు. ఏడాది అద్దంలా ఉంది. రెండో ఏడు చెమ్మ పూతకి పైన, అంటే ఛాతీ ఎత్తున కనిపించింది. నాలుగో ఏడు పూత పలకలు పలకలుగా ఊడింది, వెనకున్న ఇటుకలు పిండిలా రాలాయి.

ఎందుకిలా అంటే, సిమెంటు మన దేశంలో, పోర్‌బందర్‌లో 1914లో నిలకడగా తయారవడం మొదలైంది. మన పల్లెలకి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అంతకు ముందు కట్టిన ఇల్లంటే గానుగలో నూరిన సున్నమే. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్టని 1852 నాటికి కట్టింది కూడా సున్నంతోనే. సున్నపు గోడ నేలలోని తడిని పీల్చి, గాలికి వదిలేస్తుంది. పీల్చడం ఆపలేం, వదలడం ఆపకూడదు. సిమెంటు పూత వేస్తే తడికి బయటికి దారి మూసుకుపోయి పైకి ఎక్కుతుంది. డెల్టా శివారుల్లో నేలనీటిలో ఉప్పు ఉంటుంది. పక్కన రొయ్యల చెరువు ఉంటే ఇక చెప్పక్కర్లేదు. తడి ఆరిన చోట ఆ ఉప్పు గడ్డకట్టి, ఉబ్బి, ఇటుకని లోపల్నుంచి పొడి చేస్తుంది. గోడకి చౌడు పట్టిందనేది దీన్నే.

చేయాల్సింది ఇది. అడుగున ఉన్న సిమెంటు పూతని జాగ్రత్తగా, చిన్న సుత్తీ ఉలితో తీయించండి, గట్టిగా కొడితే ఇటుక మొహం వచ్చేస్తుంది. తీశాక ఒక వేసవంతా గోడని అలాగే ఆరనివ్వండి. పైకి తేలిన ఉప్పుని పొడి చీపురుతో ఊడ్చి ఎత్తి పారేయండి, కడగొద్దు, కడిగితే మళ్ళీ లోపలికే పోతుంది. తర్వాత సున్నం. గుల్ల సున్నం దొరికితే మేలు. పొడి తెచ్చి అప్పటికప్పుడు కలపకుండా, తొట్టెలో నానబెట్టి కనీసం మూడు వారాలు నీళ్ళ కింద ఉంచండి, వెన్నలా అవుతుంది. ఆ వెన్న ఒక పాలు, జల్లించిన ఏటి ఇసుక మూడు పాళ్ళు. సముద్రపు ఇసుక వద్దే వద్దు. చెమ్మ ఉన్న చోట ఇసుకలో కొంత తగ్గించి మెత్తటి ఇటుక పొడి కలపండి. కరక్కాయ నీళ్ళూ బెల్లమూ పాతవాళ్ళు కలిపేవారు, తెలిసిన మేస్త్రి ఉంటే కలపనివ్వండి, లేకపోతే అవి లేకుండానూ గార నిలుస్తుంది. పూత సన్నగా రెండు మూడు పొరలు వేయించి, నేరుగా ఎండ తగలకుండా తడి గోనెలు కట్టి వారం పాటు ఆరనివ్వండి. ముందు కనపడని చోట రెండడుగుల ముక్క వేయించి, ఒక వానాకాలం చూసి, ఆ తర్వాతే మిగతాది.

మేస్త్రి మీతో కచ్చితంగా ఒక మాట అంటాడు: "ఓ బస్తా సిమెంటు కలిపితే గట్టిగా ఉంటదండి." మీరు వద్దంటే "ఆయ్" అని తలూపుతాడు, మీరు టీ తాగడానికి వెళ్ళాక కలిపేస్తాడు. పని జరిగే రోజుల్లో టీ ఇంట్లోనే తాగండి. పైన వేసే రంగు కూడా సున్నమే. ప్లాస్టిక్ పెయింటు సిమెంటు చేసే చెడ్డపనే చేస్తుంది.

చెక్క

ఈ ఇళ్ళ టేకు కొంత ఏజెన్సీ అడవుల నుంచి తెప్పలుగా గోదావరి మీద దిగింది, కొంత రంగూన్ నుంచి ఓడల్లో వచ్చింది. పాత టేకు చేవని చెద తొందరగా ముట్టదు. అది ముందు పట్టేది రీపర్లని, తాటి దూలాలని, తర్వాతెప్పుడో మామిడి చెక్కతో మార్చిన ద్వారబంధాలని. ఒక మేకు తీసుకుని దూలం గోడలో దూరే చోట, స్తంభం మొదట్లో గుచ్చి చూడండి. సులువుగా దిగితే లోపల పోయినట్టే. ఆ దూలం కింద అదే రోజు సరుగుడు బాదులతో పోటు (ఆసరా) పెట్టించండి, మిగతా ఆలోచన తర్వాత.

స్తంభాల కింద రాతి దిమ్మెలుంటాయి. వాటిని నేలలో కలిపేసేలా టైల్సు వేయించకండి. చెక్క మొదలు నేలని తాకిందంటే చెదకి మెట్లు కట్టినట్టే. మట్టి గీతల వెంట వెళ్ళి చెదపుట్ట ఎక్కడుందో వెతికి చెదమందు పోయించండి. చెక్కకి జీడిపిక్కల నూనె పూయడం మన వైపు పాత పద్ధతి, మోరి వైపు జీడిపప్పు తీసే ఊళ్ళలో అడిగితే దొరుకుతుంది. అది చర్మాన్ని కాల్చేస్తుంది, చేతులకి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు.

ఇంకో మందుంది, పొగ. రోజూ కట్టెల పొయ్యి వెలిగిన వంటింటి వాసాలు నల్లగా మెరుస్తూ పురుగు లేకుండా ఉంటాయి. పాత ఇంట్లో అన్నిటికన్నా గట్టిగా ఉన్న కప్పు వంటింటిదే కావడం మీరే చూస్తారు. తాళం పడ్డాక పొగ ఉండదు, గాలి ఉండదు, చీపురు ఉండదు. అందుకే వారానికోసారైనా కిటికీలు తీసే మనిషి కావాలి. ఆ మనిషి సంగతికి ముందు వాటాల సంగతి తేలాలి.

వాటాదార్ల చేత సంతకం పెట్టించండి

నిజానికి అన్నిటికన్నా ముందు రాయాల్సింది ఇదే. కానీ ముందే రాస్తే చదవడం మానేస్తారని ఇక్కడ పెట్టాను.

ఒక కాగితం మీద వంశవృక్షం రాయండి. ఇల్లు ఎవరి పేరున ఉంది, ఆయన పిల్లలెవరు, వాళ్ళ పిల్లలెవరు. ఆడపిల్లల్ని వదలకండి. ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టసవరణ అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది, 2005 కేంద్ర సవరణ ఆ పెళ్ళి తేడా కూడా తీసేసింది. "పిన్ని ఏమీ అడగదులే" అనుకుని ఆవిడ పేరు రాయకపోతే, ఇరవై ఏళ్ళ తర్వాత ఆవిడ మనవడు అడుగుతాడు. అప్పుడు ఇల్లు అమ్మడానికీ కుదరదు, బాగుచేయడానికీ కుదరదు. తర్వాత పాత దస్తావేజులు, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు ఒక సంచీలో చేర్చండి. చాలా పల్లెల్లో పాత ఇళ్ళు గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ళ కోసం వదిలిన నేలలో ఉంటాయి, వాటికి దస్తావేజే ఉండదు. అక్కడ పన్ను రసీదులే మీ పట్టుకొమ్మ. పన్ను ఒక్క ఏడాది కూడా ఆపకండి.

ఇక సంతకం పెట్టించాల్సిన కాగితం. అది పంపకాల కాగితం కాదు, సంరక్షణ ఒప్పందం. పంపకాల మాటెత్తితే ఏడుగురూ ఏడు వైపులకి పోతారు. "పంపకాలు ఎప్పుడైనా చేసుకుందాం, అప్పటిదాకా కప్పు కారకుండా చూసుకుందాం" అంటే సంతకం పెడతారు. అందులో రాయాల్సినవి కొన్నే. ఎవరు చూసుకుంటారు. ఏడాదికి ఒక్కో వాటా మీద ఎంత వేసుకోవాలి. ఎంత ఖర్చు దాకా ఆయన ఎవరినీ అడక్కుండా పెట్టొచ్చు, ఎంత దాటితే అందరినీ అడగాలి. ఇవ్వనివాళ్ళ బాకీ వాళ్ళ పేరు మీదే రాసి ఉంచి, ఎప్పుడైనా ఆస్తి తేలినప్పుడు వాళ్ళ వాటాలోంచి తీసుకోవాలి. ఈ ఆఖరి మాట లేకపోతే ఒప్పందం రెండో ఏడే ఆగిపోతుంది. ఒక బ్యాంకు ఖాతా ప్రత్యేకంగా తెరవండి. వాట్సాప్‌లో బొటనవేలు గుర్తు పెట్టడం సంతకం కాదు. 'మన ఇల్లు' అని మాకో గ్రూపు ఉంది, ఆరేళ్ళుగా అందులో ఇంటి గురించి తప్ప అన్నీ మాట్లాడుకున్నాం.

విదేశాల్లో ఉన్నవాళ్ళ చేత అక్కడి భారత కాన్సులేటులో జనరల్ పవరు, అంటే వాళ్ళ తరఫున సంతకం పెట్టే అధికారం ఇచ్చే కాగితం, రాయించి తెప్పించుకోండి. అది ఇక్కడికి చేరిన 3 నెలల లోపు స్టాంపు వేయించాలి. చాలామంది ఇది మర్చిపోయి మళ్ళీ మొదలుపెడతారు.

ఒకరికి డబ్బు అవసరమై వాటా అమ్ముతానంటే ఇంటివాళ్ళే కొనుక్కునే దారి చూడండి. బయటివాళ్ళు కొన్నా వాళ్ళకి ఉమ్మడి కాపురపు ఇంట్లో మీతో పాటు ఉండే హక్కు ఆస్తి బదిలీ చట్టం ఇవ్వదు. వాళ్ళు పంపకం దావా వేస్తే, ఆ వాటాని కోర్టు కట్టిన ధరకి కొనుక్కునే అవకాశం 1893 నాటి పంపకాల చట్టం కుటుంబానికి ఇస్తుంది. ఈ రెండూ వకీలుతో కూర్చుని మీ కాగితాలకి వర్తిస్తాయో లేదో చూసుకోండి.

ఇంటిని మాత్రం నడిమికి కోసి పంచుకోకండి. మండువా ఇంటి నాలుగు కప్పులూ ఒకదాని మీద ఒకటి ఆనుకుని నిలబడతాయి. అన్నగారి సగం పడగొట్టి డాబా కడితే, తమ్ముడి సగం ఆనుకోవడానికి ఏమీ లేక నాలుగైదు వానాకాలాల్లో ఒరిగిపోతుంది. మండువ మధ్యలో అడ్డుగోడ లేస్తే తూము ఒకరికి, నీళ్ళు ఇంకొకరికి. పొలం పంచుకోండి, దొడ్డి పంచుకోండి, ఇంటికి బదులు ఖాళీ స్థలం ఇవ్వండి. కుదరకపోతే ఇల్లు ఒకరికి రాసి మిగతావాళ్ళు డబ్బు తీసుకోండి.

ఎవరో ఒకరు ఉండాలి

అద్దెకిస్తే ఖాళీ చేయరేమో అన్న భయంతో ఇల్లు ఖాళీగా ఉంచేవాళ్ళు ఎక్కువ. ఖాళీ ఇల్లు తప్పకుండా పోతుంది, అద్దెకున్నవాడి వల్ల పోయేది బహుశా. 11 నెలల కాగితం రాయించుకుని, ప్రతి ఏడూ కొత్తది రాయించుకోండి. ఊరికే చూసుకోమని ఎవరినైనా ఉంచినా, 'కాపలాదారుగా, యజమాని అనుమతితో ఉంటున్నాను' అని కాగితం తీసుకోండి. రెండు గదులు ఇచ్చినా చాలు, పొయ్యి వెలుగుతుంది, కిటికీలు తెరుచుకుంటాయి, చుక్క కారితే ఎవరో ఒకరు మీకు ఫోను చేస్తారు. ఆ మనిషికి ఒక నిచ్చెన, యాభై పెంకులు, ఒక బరకం ఇంట్లోనే ఉంచి, కొంత డబ్బు ముందే ఇచ్చి ఉంచండి. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున మీరు హైదరాబాదు నుంచి బయల్దేరి చేసేదేమీ ఉండదు.

కోనసీమలో సినిమా షూటింగులకి ఇలాంటి ఇళ్ళు అడుగుతారు. ఇవ్వండి, కప్పు ఖర్చు వస్తుంది. స్తంభాలకి మేకులు కొట్టకూడదు, గోడలకి వాళ్ళ రంగులు వేస్తే సున్నంతో మళ్ళీ ముందులా చేసి వెళ్ళాలి అని రాయించుకుని, అడ్వాన్సు అట్టేపెట్టుకోండి. వెళ్ళేటప్పుడు అందరూ ఆప్యాయంగా చేతులూపుతారు, మేకులు మాత్రం మీకే ఉంటాయి.

కుటుంబంలో ఎవరూ రారని తేలిపోతే ట్రస్టు ఆలోచన ఉంది. కందుకూరి వీరేశలింగంగారు తన ఆస్తిని బతికుండగానే తాను పెట్టిన హితకారిణీ సమాజానికి రాసిచ్చారు. రాజమండ్రిలో ఆయన ఇల్లు ఇవాళ్టికీ వెళ్ళి చూడొచ్చు.

పక్కవాళ్ళ ఇల్లు కూలిపోతుంటే

ఇది కష్టమైన సంగతి. ప్రభుత్వం రక్షిత కట్టడంగా ప్రకటించని సొంత ఇంటిని, యజమాని కారనిచ్చి కూలనిచ్చినా అడ్డుకునే నేరుదారి మన చట్టాల్లో లేదు. రక్షిత కట్టడమైతే సంగతి వేరు. 1958 కేంద్ర చట్టం కింద రక్షిత కట్టడాన్ని యజమాని పాడుబడనిస్తున్నాడని భయముంటే ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. రాష్ట్రానికి 1960 నాటి సొంత చట్టం ఉంది. నిజంగా విలువైన కట్టడమని మీకు అనిపిస్తే ఫోటోలు, కొలతలు, తెలిసిన చరిత్ర జతచేసి రాష్ట్ర పురావస్తు శాఖకి రాయండి. ఏళ్ళు పడుతుంది, రాస్తే మాత్రం ఒక ఫైలు పుడుతుంది.

ద్రాక్షారామం, సామర్లకోట గుళ్ళలాంటి కేంద్ర రక్షిత కట్టడాల పక్కన పాత ఇల్లున్నవాళ్ళు "నూరు మీటర్లలో ఏమీ ముట్టుకోనివ్వరు" అని చేతులెత్తేసి ఇల్లు వదిలేస్తుంటారు. అది సగమే నిజం. కొత్త కట్టడం కుదరదు. 1992 జూన్ 16కి ముందు నుంచీ ఉన్న ఇల్లయితే మరమ్మతుకి అనుమతి అడగొచ్చు.

పంచాయతీకి ఫిర్యాదు చేసేముందు ఒకసారి ఆలోచించండి. ప్రమాదకరమైన కట్టడమని నోటీసు వస్తే, బాగుచేయడం కన్నా పడగొట్టడం సులువని యజమాని పొక్లెయిన్ తెప్పిస్తాడు. ముందు యజమానికి ఫోను చేయండి. నింద వేయకుండా, ఫోటో పంపి, "బాబాయిగారూ, తూర్పు మూల దోనె చిల్లు పడిందండి. మీరు ఊ అంటే నేను మనిషిని పెట్టి వేయిస్తాను, డబ్బులు తర్వాత పంపుదురుగాని" అనండి. చాలామంది వదిలేసేది బాధ లేక కాదు, చేయించే మనిషి లేక.

ఇక నిలవదని తేలితే

అప్పుడు కూడా పొక్లెయిన్ ముందు మీరు వెళ్ళండి. అటక మీద తాటాకు కట్టలుంటే చెత్తలో పోనివ్వకండి, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం లాంటి చోట అడిగి చూపించండి. చెక్కడాలున్న తలుపుల కోసం వ్యాపారులు కాకుల్లా వాలతారు. వందేళ్ళు దాటిన చెక్కడాలు, 75 ఏళ్ళు దాటిన విలువైన రాతప్రతులు 1972 పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు, అలాంటివి దేశం దాటించడం నేరం. అమ్మాల్సి వస్తే విడివిడిగా అమ్మకుండా, మొత్తం వసారాని ఇంకోచోట నిలబెట్టుకునేవాళ్ళకి ఇవ్వండి.

విప్పేముందు ప్రతి గది కొలతలూ కాగితం మీద గీయండి, ప్రతి స్తంభానికీ దూలానికీ నంబరు వేయండి. నంబరు ఉలితో చెక్క మీద గీయించండి. మేం సుద్దతో వేశాం. పెరట్లో పెట్టిన మూడో రోజున వాన వచ్చింది. ఏ స్తంభం ఏ మూలదో ఇప్పుడు మా పెద్ద మావయ్యకి తప్ప ఎవరికీ తెలీదు. ఆయనకి ఎనభై ఒకటి. వచ్చే నెల ఉలి పట్టుకుని వెళుతున్నాను.